గడికో తలుపు

లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. కుదుపు లేదు, చప్పుడు లేదు, నడిచి నడిచి అలసిపోయిన పెద్దాయన దారి పక్కన కూలబడ్డట్టు మెల్లగా ఆగింది, పైన దీపం ఆరిపోయి మూలనున్న చిన్న ఎమర్జెన్సీ లైటు వెలిగింది, ఆ వెలుగులో ఎదురుగా అద్దంలో తన మొహం, దాని పక్కన అత్తగారి మొహం కనిపించాయి అతనికి, ఆవిడ మొహంలో భయం లేదు సరికదా, ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్న సినిమాకి టిక్కెట్టు దొరికిన కళ ఉంది. ఉండదా మరి? లిఫ్టు మెకానిక్కు అల్లుడు లిఫ్టులో ఇరుక్కున్నాడు, అదీ ఎవరి లిఫ్టో కాదు, తనుండే బిల్డింగు లిఫ్టు, మొన్ననే తలుపులు సరిచేసి, పట్టాలకి నూనె పెట్టి, మెట్ల దగ్గర కనిపించిన ప్రతివాళ్ళతోనూ ఇక దీని సంగతి మర్చిపోండి అని గొప్పలు పోయిన లిఫ్టు. తల కొట్టేసినట్టయింది అతనికి. బటన్లు ఒక్కొక్కటే నొక్కాడు, నొక్కితే కదలదని తెలిసే నొక్కాడు, జనం ఇలా టకటకా నొక్కారని తెలిస్తే విసుక్కునేవాడు తను, ఇరుక్కున్నాక నొక్కకుండా ఉండడం మనిషివల్ల కాదని ఇప్పుడు తెలిసింది.

"లిఫ్టు ఆగినట్టుంది," అంది ఆవిడ, బటన్ల పలకతో. "బాగుచేసేవాళ్ళెవరైనా దగ్గర్లో ఉంటే ఎంత బాగుండేదో."

పలకతోనే అంది, అతనితో కాదు. అతనితో ఆవిడ నేరుగా మాట్లాడి ఏళ్ళవుతోంది. మాటలు లేవని కాదు, కావలసినన్ని ఉన్నాయి, అన్నీ దారి మళ్ళి వస్తాయి, అంతే. అమ్మాయ్, మీ ఆయన్ని కాస్త జరగమను, అంటుంది, అమ్మాయంటే అతని భార్య, ఆవిడకి ఒక్కగానొక్క కూతురు, ఇద్దరి మధ్యా కూర్చుని, తమరు జరగాలట, అని అందిస్తుంది, ఆమె ఇంట్లో లేకపోతే ఆ పని టీవీ చేస్తుంది, టీవీ లేకపోతే కిటికీ, ఎవరో కాళ్ళు తుడుచుకోకుండా లోపలికొచ్చారు, అని కిటికీతో చెబితే అతను కిమ్మనకుండా గుమ్మం దాకా వెళ్ళి తుడుచుకొచ్చేవాడు. అతను మాత్రం ఎప్పుడూ అత్తయ్యా అనే పిలుస్తాడు, ఎదురుగానే మాట్లాడతాడు, ఆవిడ వింటుంది, ఒక్క ముక్క పోకుండా వింటుంది, జవాబు మాత్రం పక్కవాళ్ళకి ఇస్తుంది. ఇవాళ మధ్యాహ్నం భోజనానికి కూతురు పిలిస్తే డ్యూటీ నుంచి వస్తూ ఆవిడని కారులో ఎక్కించుకొచ్చాడు, దారి పొడుగునా స్టీరింగుతో రెండు మాటలు, వైపరుతో ఒక మాట. కిందికి వచ్చాక, పైకి రెండు నిమిషాలేగా అని చలికోటు కారులోనే వదిలేసి లిఫ్టెక్కింది.

నిచ్చెనకి ఫోన్ చేశాడు. నిచ్చెన అంటే అతనితో పనిచేసే మెకానిక్కు, మనిషి పొడుగని ఆ పేరు, అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. "ఊరికి ఆ చివరున్నా గురూ, ఇంకో లిఫ్టు విప్పి పెట్టుకుని కూర్చున్నా, రావడానికి గంట పడుతుంది. లోపల ఎంతమంది?" అన్నాడు. "నేనూ, మా అత్తగారూ." "గోడలతో మాట్లాడే అత్తగారేనా?" "ఆఁ." "తట్టుకో గురూ, రెక్కలు కట్టుకుని వస్తా," అన్నాడు నిచ్చెన, ఫోన్ పెట్టేసేలోపు వాడి నవ్వు లిఫ్టంతా వినిపించింది. పైమూత తోసుకుని తాళ్ళు పట్టుకుని ఎక్కడం సినిమావాళ్ళ పని, లోపలున్నది మెకానిక్కయినా సరే కదలకూడదు, బయటినుంచి ఇంకో మనిషి వచ్చి, కరెంటు తీసి, బ్రేకు వదిలి, మెల్లగా కిందికి దించాలి, కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది తనే, కాబట్టి నోరు మూసుకుని గోడకి ఆనుకున్నాడు. పైన ఆరో అంతస్తులో తలుపు సందులోంచి భార్య గొంతు వచ్చింది, "ఇద్దరూ బాగానే ఉన్నారా?" అని. "బాగానే ఉన్నాం!" అని అరిచాడు. "ఒకళ్ళు బాగానే ఉన్నారు, రెండోవాళ్ళ సంగతి నాకు తెలీదు," అంది ఆవిడ, పైకప్పుతో. "అమ్మా, ఆయన్నేమీ అనకు!" "నేనెవర్నీ ఏమీ అనలేదే!" నిజమే, అనలేదు, ఆవిడ ఎవర్నీ ఏమీ అనదు.

ఆవిడ కళ్ళు సంచి మీద పడ్డాయి. అతని పనిముట్ల సంచి, మందపాటి కాన్వాసుది, ఆ మూల స్టూలంత ఎత్తున ఉంది. "కాస్త కూర్చుంటే మోకాళ్ళు సంతోషిస్తాయి," అంది సంచితో, అని అటు అడుగు వేసింది. సంచిలో అన్నిటికంటే పైన, పాత దిండు గలీబులో చుట్టి, శాలువా ఉంది. ఆవిడ శాలువాయే. ఆవిడ సగందాకా అల్లి వదిలేసి, నా కళ్ళబడకుండా ఎక్కడైనా పారెయ్యి అని కూతురి చేతిలో పెట్టిన శాలువా. ఇప్పుడది సగంలో లేదు, ఇంకో పట్టీ మిగిలింది, ఆ పట్టీ కూడా చివరికొచ్చింది, సూదులు దానికే ఉన్నాయి, దాని మీద కూర్చుంటే ఏది విరుగుతుందో, ఏది ఎక్కడ గుచ్చుకుంటుందో! "వద్దత్తయ్యా, అందులో రంపం ఉంది," అన్నాడు, అని చప్పున ఒంటిమీది కోటు విప్పి నాలుగు మడతలు పెట్టి ఇంకో మూలన వేశాడు. "లిఫ్టుని రంపంతో కోస్తారని నాకు తెలీదు సుమా," అని ఆవిడ అద్దానికి చెప్పి, కోటు మీద కూర్చుంది. అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఇవాళ కాదు, ఇలా కాదు, పూర్తిగా అల్లి, కొసలు దాచేసి, ఉతికి, పిన్నులు పెట్టి ఆరేసి, అప్పుడు భార్య చేత ఇప్పించి తను వంటింట్లో దాక్కోవాలి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇచ్చాక ఆవిడ నవ్వుతుందో, లేక ఆ కిటికీతో మాట్లాడే మాటలు కూడా మానేస్తుందో మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు.

ఎందుకంటే ఒకసారి అయింది అలా. ఆవిడకి ఊలు దుకాణం ఉండేది, వీధి మలుపులో, లోపలికి అడుగుపెడితే మూడు గోడల నిండా రంగులు, నాలుగో గోడకి గల్లాపెట్టె, గల్లాపెట్టె వెనక ఆవిడ, చేతులు వాటి మానాన అవి అల్లుతుంటే నోరు దాని మానాన అది బేరం చేసేది. పెళ్ళయిన కొత్తలో అల్లుడికని బూడిదరంగు స్వెట్టరు అల్లింది. అక్కడే వేసుకుని చూసుకున్నాడు, ఎడమ చెయ్యి కాస్త పొడుగనిపించింది. అనిపిస్తే ఊరుకోవచ్చుగా, ఊరుకోడు, ఊరుకోకపోవడానికే అతనికి జీతం ఇస్తారు, ఎక్కడ తేడా ఉందో పట్టుకుని చెప్పడమే ఉద్యోగం, స్వెట్టరు విప్పి బల్ల మీద పరిచి, జేబులోంచి ఇనుప టేపు లాగి, కొనడానికొచ్చిన నలుగురూ చూస్తుండగా రెండు చేతులూ కొలిచి, "ఎడమది వేలెడు ఎక్కువుంది అత్తయ్యా," అన్నాడు, మోటారు రిపోర్టు చదివినట్టు. ఆవిడ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం అక్కడ మొదలై ఈ లిఫ్టు దాకా వచ్చింది. తర్వాతెప్పుడో యూనిఫాం కుట్టే దర్జీ కొలతలు తీస్తూ, మీ ఎడమ చెయ్యి వేలెడు పొడుగు, మీకు తెలుసా సార్, అన్నాడు. తాళ్ళు లాగి లాగి సాగిందో, పుట్టడమే అలా పుట్టాడో, అతనికి తెలీదు, ఆవిడకి మాత్రం తెలుసు, టేపూ లేదు గీపూ లేదు, ఎదురుగా కూర్చుని అతను అన్నం తింటుంటే చూసి తెలుసుకుంది. ఆ సాయంత్రమే దుకాణానికి పరిగెత్తి, తప్పు నాదే అత్తయ్యా, చెయ్యే పొడుగట, అన్నాడు. ఆవిడ ఊలు ఉండ చుట్టుకుంటూ, గుండీలు ఏరుకుంటున్న ఒకావిడతో, "కొందరికి దర్జీ చెబితేగాని వాళ్ళ చేతులు వాళ్ళకి తెలీవు," అంది. గుండీల ఆవిడ ఎందుకో తన చేతులు చూసుకుంది. స్వెట్టరుని మాత్రం అతను మోచేతులు చిరిగేదాకా వేసుకున్నాడు, అంత వెచ్చటి బట్ట మళ్ళీ ఎప్పుడూ ఒంటిమీద పడలేదు.

లిఫ్టు గొట్టంలో తాళ్ళు ఎక్కడో సన్నగా మూలిగాయి, ఏ తాడు ఎందుకు మూలుగుతుందో అతనికి తెలుసు, భయపడాల్సిన మూలుగు కాదు. ఆవిడ కుడి బొటనవేలిని ఎడమ అరచేతిలో పెట్టుకుని మెల్లగా నొక్కుకుంటోంది. ఆ వేలే. దాని కీలు అరిగిపోయిందని, ఇక సూదులు పట్టొద్దని డాక్టరు చెప్పాడు, దుకాణం అమ్మేసింది, గోడల మీది రంగులన్నీ ఎవరెవరి సంచుల్లోనో వెళ్ళిపోయాయి, ఒక్క ఈ శాలువా మిగిలింది, కూతురు చలిమనిషి, ఎండలో కూడా భుజాలు ముడుచుకుని తిరుగుతుంది, దానికోసమని మొదలుపెట్టింది. నేల వంకాయ రంగు, దాని మీద పట్టీ పట్టీకీ ఒక కొత్త రంగు, పసుపు, గులాబి, చిలకపచ్చ, నీలం, అన్నీ మోహేర్ ఊలే, మేక బొచ్చుతో చేస్తారట, చేతిలో పెట్టుకుంటే పెట్టుకున్నట్టే ఉండదు, మెడకి చుట్టుకుంటే మాత్రం పొయ్యి పక్కన కూర్చున్నట్టుంటుంది. ఆ సగం శాలువాని బీరువా అడుగున చూసినప్పుడు అతనికి ముందు కలిగింది జాలి కాదు, విసుగు. ఆగిపోయిన దేన్ని చూసినా అతనికి విసుగే, ఆగిపోయిన గడియారం, ఆగిపోయిన ఫ్యాను, ఆగిపోయిన లిఫ్టు, తెరిచి చూడకపోతే అన్నం సహించదు. దీన్ని కూడా ఒకసారి తెరిచి చూద్దామనుకున్నాడు, అంతే, అక్కడే దొరికిపోయాడు.

నేర్పింది ఫోనులో ఒక పిల్ల. ఎక్కడి పిల్లో ఏమో, ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి, వీడియో మొదట్లో, భయపడకండి ఊలు కరవదు, అనేది, కరిచింది, మొదటి వారం అతని వేళ్ళని ఎడాపెడా కరిచింది. బిల్డింగుల నెత్తిమీద, మోటారు గదుల్లో, భోజనాల వేళ తలుపు గడియ పెట్టుకుని అల్లేవాడు, పక్కన మోటారు తిరిగి ఆగి తిరిగి ఆగి, కింద జనం ఎక్కి దిగి ఎక్కి దిగి, వాళ్ళకేం తెలుసు నెత్తిమీద ఒక మీసాలాయన నారింజ రంగు దారంతో తంటాలు పడుతున్నాడని! మొజాయిక్ అంటే అప్పటిదాకా అతనికి గచ్చే. అల్లికలోనూ ఉందని ఆ పిల్ల చెప్పింది, ఒక రంగుతో ఒక వరస వెళ్ళి అదే రంగుతో తిరిగి రావాలి, తర్వాత రెండో రంగు అందుకుని అలాగే వెళ్ళి రావాలి, చేతిలో ఎప్పుడూ ఒకే పోగు, రెండో రంగు కనిపించాల్సిన చోట కింది వరస కుట్టుని అల్లకుండా ఈ సూది మీంచి ఆ సూది మీదికి జార్చేస్తే అదే పైకి సాగొచ్చి కూర్చుంటుంది, చూసేవాళ్ళకి రెండు రంగులతో ఒకేసారి కుస్తీ పట్టినట్టుంటుంది, చేసేవాళ్ళకి మాత్రం వెళ్ళడం, రావడం. ఓస్ ఇంతేనా అనుకున్నాడు. ఇంతే కాదని మోహేర్ చెప్పింది. మామూలు ఊలయితే తప్పు పోయినప్పుడు కొస పట్టి లాగితే బుద్ధిగా విడిపోతుంది, ఇది విడిపోదు, పోగూ పోగూ నూగుతో కౌగిలించుకుని వదలమంటే వదలవు, ఫ్రీజరులో పెట్టి బిగుసుకోనిచ్చి అప్పుడు మెల్లగా విప్పాలట. విప్పాడు. బఠాణీల పక్కన ఎర్ర ఊలు ఉండ చూసి భార్య తలుపు తెరిచిపట్టుకుని అలాగే నిలబడిపోయింది, చల్లగాలి కాళ్ళ మీదికొస్తున్నా కదల్లేదు, ఏమిటిదంటే దాచలేకపోయాడు, చెప్పేశాడు, ఆమె నవ్వి నవ్వి కింద కూర్చుంది, కూర్చుని అలాగే నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది, "మా అమ్మకి తెలిస్తే ఉందండీ మీకు," అంది, అని ఆ రాత్రి నుంచి బఠాణీలు పై అరలోకి మార్చి ఊలుకి చోటిచ్చింది. బొత్తాం కుట్టమంటే జేబుతో కలిపి కుట్టేసే మనిషి, తల్లి విద్య ఒక్క పోగు కూడా అబ్బలేదు, అయినా ఎంత అండగా నిలబడిందో.

తప్పు సంగతి మాత్రం ఆమెకి కూడా చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మొదటిరోజే, పనిలో నెత్తికి కట్టుకునే తలదీపం పెట్టుకుని ఆవిడ అల్లిన సగాన్ని గడి గడీ చదువుకుంటూ వచ్చాడు, గడిలో గడి, దానిలో ఇంకో గడి, వంకాయ రంగు గోడలు, మధ్యలో వెలుగు రంగు, అద్దం మీద గీసినంత తీరు, ఒక్క కుట్టు అటూ ఇటూ లేదు, ఇక ఆవిడ ఆపేసిన చోటికి వేలెడు కింద, నీలం పట్టీలో చివరి గడికి గోడ తెగి ఉంది. జార్చాల్సిన వంకాయ కుట్టుని జార్చకుండా నీలంతో అల్లేసింది. ఒకటే కుట్టు. ఆవిడ చేతిలో తప్పు! అతనికి ముందు నమ్మబుద్ధి కాలేదు, కాగితం మీద గళ్ళు గీసుకుని మళ్ళీ లెక్క చూశాడు, తప్పే. అప్పుడర్థమైంది, ఆవిడ మానేసింది డాక్టరు చెప్పినందుకు కాదు, డాక్టర్లు చెప్పినవి ఆవిడ ఎప్పుడు విన్నది గనక, ఇది చూసుకుని మానేసింది, విప్పుదామంటే బొటనవేలు విప్పనివ్వలేదు, ఇంకొకరి చేత విప్పిద్దామంటే నోరు రాలేదు. ఆ మోటారు గదిలో అతనికి మనసు చివుక్కుమంది. టేపు పట్టుకు తిరిగిన ఏళ్ళలో ఎన్ని తప్పులు పట్టుకున్నాడు, పట్టుకున్న ప్రతిసారీ లోపల ఒక చిన్న పండగ, ఈ తప్పు దొరికినప్పుడు మాత్రం దాన్ని ఎక్కడైనా దాచేద్దామనిపించింది.

విప్పి సరిచెయ్యొచ్చు. సరిచేస్తే ఆవిడకి తెలుస్తుంది, తన వరసలు తను గుర్తుపట్టదా, సరిచేశాడంటే చూశాడనేగా. అలాగే వదిలెయ్యొచ్చు. వదిలేస్తే అన్ని గడుల్లోనూ అదొక్కటే చిరిగిన చొక్కా వేసుకున్న పిల్లాడిలా నిలబడుతుంది. ఏం చెయ్యాలో తెలియకుండానే తర్వాతి గడి మొదలుపెట్టాడు, ఆ కుట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది, ఆగి, జార్చాల్సినదాన్ని జార్చకుండా అల్లేసింది. ఆలోచించి చేసింది కాదు. దూరంగా పట్టుకు చూశాడు. రెండు గడులకీ ఒకే చోట సందు, ఇళ్ళకి తలుపులు పెట్టినట్టు. మూడోదానికి పెట్టాడు. ఎరుపు పట్టీ అంతా పెట్టాడు, తర్వాత ఆవాల పసుపు, తర్వాత నెమలికంఠం, గడికో తలుపు, ఇక అందులో ఏది తప్పో ఏది తీరో దేవుడు దిగొచ్చినా చెప్పలేడు, కిందున్న గడులన్నీ తలుపుల్లేని పాతకాలపు ఇళ్ళు, అక్కణ్ణుంచి పైన కొత్తవి. ఎంత మురిసిపోయాడో. మురిసిపోయిన రెండోరోజే ఇంకో ఆలోచన వచ్చి ఆ మురిపెమంతా తుడిచిపెట్టింది. వెక్కిరింత అనుకుంటే? ఒకప్పుడు నలుగురిలో టేపు పెట్టి కొలిచినవాడు, ఇప్పుడు నా ఒక్క తప్పుని పట్టుకుని రంగు రంగుకీ అచ్చు వేసి ఊరంతా చాటాడనుకుంటే? అనుకోవడానికి అన్ని హక్కులూ ఉన్నాయి ఆవిడకి. అప్పటినుంచి అల్లుతూనే ఉన్నాడు, భయపడుతూనే ఉన్నాడు, భయానికి చెయ్యి ఆగలేదు, అదొక్కటే వింత.

కింద తలుపు సందులోంచి చలిగాలి గొట్టం వెంబడి పైకెక్కి చీలమండల దగ్గర తిరుగుతోంది. ఆవిడ భుజాలు దగ్గరికి ముడుచుకుంది, అచ్చం కూతురిలాగే, చలిమనిషి ఎవరి పోలికో ఇన్నాళ్ళకి తెలిసింది. "ఆ కోటు కప్పుకోండత్తయ్యా, నేల మీద నేను ఇంకేదైనా వేస్తాను," అన్నాడు. "నూనె కంపు కప్పుకునేకంటే చలే నయం," అంది ఆవిడ, పలకతో, పళ్ళు కాస్త కొట్టుకుంటుండగా. బొటనవేలు చలికి కొంకర్లు పోయింది కాబోలు, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది. అతను సంచి వైపు చూశాడు. చూసి, పైకప్పు చూశాడు. నిచ్చెన వచ్చే సూచన లేదు. మళ్ళీ సంచి చూశాడు. చేతిలో వెచ్చటి శాలువా పెట్టుకుని, అల్లిన మనిషి చలికి వణుకుతుంటే, కొసలు దాచలేదనీ ఉతికి ఆరెయ్యలేదనీ మూలన నిలబడి లెక్కలు వేసుకునేవాణ్ణి ఏమంటారు? ఏమంటారో ఆవిడ పలకతో చెప్పకముందే తనే చెప్పుకున్నాడు. వంగి, జిప్పు లాగి, దిండు గలీబు ఊడదీసి, సూదులతో సహా, వేలాడే ఉండతో సహా, ఆవిడ ఒళ్ళో పెట్టాడు. పెట్టి, తలదీపం తీసి వెలిగించి ఆవిడ చేతుల మీదికి పట్టుకున్నాడు, ఎందుకు పట్టుకున్నాడో తెలీదు, తప్పించుకునే దారి తనే మూసేసుకున్నాడు.

రంగులు ఒక్కసారిగా లేచాయి ఆ ఇరుకులో. ఆవిడ కప్పుకోలేదు. ముందు తిరగేసి వెనకవైపు చూసింది, దుకాణంలో ఎవరైనా తమ అల్లిక తెచ్చి చూపిస్తే అలాగే చూసేది, ముందుభాగం ఎవరైనా బాగానే చేస్తారని. వేళ్ళతో కింది అంచు నుంచి మొదలుపెట్టింది. పసుపు, గులాబి, చిలకపచ్చ, తన వరసలు, అక్కడ వేళ్ళు హాయిగా పరిగెత్తాయి. నీలం దగ్గర ఆగాయి. ఆ గడి మీద బొటనవేలు ఒకసారి అటూ ఇటూ కదిలింది, నొప్పిగా కదిలింది. అతను అద్దంలోకి చూడబోయి మానేశాడు. చెప్పేస్తే పోలా, అత్తయ్యా వెక్కిరింత కాదు, ఆ గడి ఒక్కటే ఒంటరిగా ఉంటే నాకు బాగాలేదు, అందుకని, ఈ మాటలు గొంతు దాకా వచ్చాయి, వచ్చి అక్కడే ఇరుక్కున్నాయి, ఇవాళ అన్నీ ఇరుక్కోవడమే. ఆవిడ వేళ్ళు మళ్ళీ కదిలాయి. తన చేతి వరసలు ఆగి అతని చేతి వరసలు మొదలైన చోటు దాటాయి, దాటుతూ కాస్త నెమ్మదించాయి, తర్వాతి గడి, సందు, ఆ తర్వాతి గడి, సందు, ఎరుపు, ఆవాల పసుపు, నెమలికంఠం, ప్రతి సందు దగ్గరా వేలు ఆగి ముందుకు పోతోంది, మొహం కిందికి వంచుకుంది, దీపం వెలుగు పాపిటి మీద పడుతోంది గాని మొహం కనిపించడం లేదు, నవ్వో కోపమో ఏడుపో ఏదైనా సరే కనిపిస్తే బాగుండును అనుకున్నాడు. పైనుంచి భార్య, "ఏమిటీ ఇద్దరూ అంత నిశ్శబ్దంగా ఉన్నారు?" అని అరిచింది. ఆవిడ చివరి పట్టీకి వచ్చింది, నారింజ, సూది దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఒక చోట వేలు పెట్టి నొక్కిపట్టింది.

"ఇదిగో," అంది, "ఇక్కడ తప్పు చెయ్యడం మర్చిపోయావు."

తలెత్తి అతని మొహంలోకి చూసే అంది. పలక పక్కనే ఉంది, అద్దం ఎదురుగానే ఉంది, వాటిని పట్టించుకోలేదు. అతను వంగి చూశాడు. నిజమే, నారింజ పట్టీలో ఆ చివరి గడికి గోడ నాలుగు వైపులా మూసుకుపోయి ఉంది, సందు లేదు, ఏ పరధ్యానంలో ఉన్నాడో, సరిగ్గా అల్లేశాడు. నవ్వు వచ్చింది, దానితో పాటు ఇంకేదో వచ్చి కళ్ళకి అడ్డం పడింది, సంతోషమే, అంత సంతోషం ఇంత చిన్న లిఫ్టులో ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "అయ్యో! వరసలన్నీ విప్పాలా అత్తయ్యా?" అన్నాడు. "అన్నీ ఎందుకు, సూదికి కిందేగా ఉంది. ఆ ఒక్క కుట్టునే కిందికి జార్చి, నారింజ పోగు పైకి లాగి, మళ్ళీ ఎక్కించు. సన్నటి కొక్కెం ఏదైనా ఉందా ఆ రంపాల సంచిలో?" ఉంది, స్ప్రింగులు లాగే కొక్కెం, దాన్ని ప్యాంటుకి శుభ్రంగా తుడిచాడు, ఆవిడ చూసి ముక్కు చిట్లించింది. శాలువా మిగతా భాగమంతా భుజాల చుట్టూ లాక్కుని కప్పుకుంది, సూదుల వైపు అంచుని మాత్రం రెండు అరచేతుల మధ్యా బిగించి పట్టింది, దానికి బొటనవేలితో పనిలేదు. అతను తలదీపం నెత్తిన పెట్టుకుని, ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ ఒక్క కుట్టుని సూది మీంచి వదిలాడు. నూగు పట్టుకుని అది దిగనంది. "లాగకు, లాగకు," అంది ఆవిడ గుసగుసగా. "మేక నిద్రపోతోందనుకో. లేపకుండా తియ్యాలి." ఒక వరస దిగింది. ఇంకో వరస దిగింది. "దర్జీ సంగతి ఆ రోజు చెప్పడానికొచ్చావే," అంది ఆవిడ, కళ్ళు కుట్టు మీంచి తీయకుండా, "రొప్పుకుంటూ వచ్చావు. మంచినీళ్ళిద్దామనుకున్నా. ఇవ్వలేదు." "పర్లేదత్తయ్యా." "పర్లేదని నువ్వు చెప్పక్కర్లేదు. చూసి ఎక్కించు." వంకాయ కుట్టు వదులైంది, వెనకనున్న నారింజ పోగు కొక్కేనికి తగిలింది, సన్నగా, వెచ్చగా.

కింద ఎక్కడో తలుపు దడదడలాడింది, మెట్ల మీద బూట్ల చప్పుడు పరుగెత్తుకొచ్చింది, నిచ్చెన గొంతు గొట్టమంతా మోగింది. "గురూ! బతికే ఉన్నావా? వచ్చేశా! దించెయ్యనా?"

అతను నోరు తెరిచేలోపే ఆవిడ తలుపు వైపు తిరిగి, దుకాణంలో గల్లాపెట్టె వెనకనుంచి వినిపించే ఆ పాత గొంతుతో గట్టిగా అరిచింది.

"కాస్త ఆగవయ్యా! వరస మధ్యలో ఉన్నాం."